గన్నవరపు దారి - మొరాయించిన మోటారు

ఊరిని గూర్చి వ్రాయువారు సాధారణముగా నచ్చటి గుడిని, గోపురమును, కొండను, కోనేటిని వర్ణింతురు. గన్నవరమును గూర్చి వ్రాయబూనిన నాకు మాత్రము ముందుగా దారియే గుర్తునకు వచ్చును. ఏలయన నిది దారులవలన పెరిగిన యూరు. ఒకప్పుడు కాలువదారి, పిదప రాజమార్గము, నేడు ఆకాశమార్గము, ఈ మూడును ఇచ్చట నొకదాని చెంత నొకటి యున్నవి. దారి యున్నచోట బండి యుండును; బండి యున్నచోట నది నడుమ నిలిచిపోవుటయు నుండును. కావున సోదరీమణులారా, గన్నవరపు దారిని గూర్చి కొంతయు, ఆ దారిలో మొరాయించిన మోటారును గూర్చి కొంతయు మీకు మనవి చేసెదను.

"మోటారు సంగతి మగవారిది గదా, మన కేల?" యని కొందరు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. రైవతకమునుండి అర్జునునితో తరలిపోవునాడు రథపు పగ్గములను పట్టినది సుభద్ర. యుద్ధమధ్యమున దశరథుని రథము చెడబోగా నిలిపి కాచినది కైకేయి యని మన పెద్దలు చెప్పుకొను కథ. బాహుకుడై ఋతుపర్ణుని రథమును తోలిన నలునకు గుఱ్ఱముల వేగమే కాదు, వాని హృదయము కూడ తెలియును. అశ్వహృదయ మను విద్యకు భారతమున నంత గౌరవము గలిగినది. నేటి మన గుఱ్ఱము ఇనుపది. దానికి హృదయము లేదనుకొందుము గాని, అది నిలిచిపోయిననాడు దాని లోపలి మాట వినువారికి, విననివారికి నెంత భేదమో నేను గన్నవరములో కన్నులార చూచితిని.

బెజవాడనుండి గన్నవరమునకు ఇంచుమించు 20 కిలోమీటర్లు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్దబాట యిది. పూర్వము దీనిని అయిదవ నంబరు జాతీయ రహదారి యనెడివారు. ఇప్పుడు పదునారవ నంబరు. పట్టణములో బెంజి సర్కిలు అను కూడలి కలదు. ఆ పేరు వినినప్పుడెల్ల నాకు జర్మనీదేశపు స్త్రీ యొకతె జ్ఞప్తికి వచ్చును. ఆమె పేరు బెర్తా బెంజి. 1888 ఆగస్టులో నామె తన భర్తకు తెలియకుండ, ఆయన నిర్మించిన మూడుచక్రముల మోటారుబండి నెక్కి, తన కుమారుల నిద్దరను వెంటబెట్టుకొని, మాన్‌హైము పట్టణమునుండి ఫోర్జ్‌హైములోని తన పుట్టింటికి బయలుదేరెను. నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. లోకమున మోటారుబండిపై జరిగిన మొదటి దూరప్రయాణము పుట్టింటికి పోవు ఇల్లాలిదే యగుట ఎంత ముచ్చటయైన సంగతి!

దారిలో నామెకు కలిగిన చిక్కులను గమనింపుడు. ఇంధనము పోవు గొట్టము పూడుకొనెను. టోపీకి గ్రుచ్చుకొను పొడుగు పిన్నుతో నామె దానిని శుభ్రపరచెను. నిప్పురవ్వను కలిగించు తీగె ఒరసికొని పోగా, మేజోడునకు కట్టు పట్టీని తీసి దానికి చుట్టెను. ఇంధనము చాలకపోగా వీస్లోకు అను ఊరిలో మందులంగడిలో కొనెను. ఇంధనము, నిప్పురవ్వ, మరల ఇంధనము! నూటముప్పదియైదు సంవత్సరములు గడచినను, కదలనన్న మోటారు నడుగవలసిన మొదటి ప్రశ్నలు ఈ రెండే.

బెంజి సర్కిలునకు సమీపముననే ఆటోనగరు కలదు. 1960ల దశకమున వెలసిన యీ పేటలో లారీలకు ఒడలు కట్టువారు, ఇంజనులు విప్పువారు, అతుకువారు, రంగులు వేయువారు వేలకొలది పనిచేయుచుందురు. సుత్తిదెబ్బల మ్రోత వినరాని దినము లేదు. కోస్తాలో నే మూల లారీ చెడినను దాని మందు ఆటోనగరులో దొరకునని వాడుక.

అచ్చటినుండి రామవరప్పాడు, ప్రసాదంపాడు దాటి ఏనికేపాడు చేరుదుము. దారివెంట సాగు నీటిచాలు ఏలూరు కాలువ. 1852వ సంవత్సరమున మొదలిడి 1855 నాటికి ముగించిన బెజవాడ ఆనకట్టతో కృష్ణాడెల్టాకు కాలువలు వచ్చినవి. ఆ పాత ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి యేర్పడినది. ఏలూరు కాలువ పొలములకు నీరిచ్చుటయే గాక, కృష్ణకును గోదావరికిని నడుమ పడవలదారిగా కూడ నుండెడిది. ధాన్యము, ఉప్పు, కలప, పెండ్లివారు, అందరును పడవలలోనే. గాలి లేనినాడు మనుష్యులు గట్టున నడచుచు త్రాళ్ళతో పడవను లాగెడివారు. ఆ బండికి సెల్ఫు లేదు, బ్యాటరీ లేదు, చెడిపోవుటయు లేదు. ఆలస్య మొక్కటే దాని రోగము.

ఏనికేపాడులో వింత యొకటి కలదు. బుడమేరు అను వాగు ఏలూరు కాలువ క్రిందుగా సొరంగమార్గమున దూరి ఆవలి ప్రక్కకు పోవును. పైన కృష్ణనీరు, క్రింద కొండవాగు నీరు, రెండును కలియవు. మైలవరపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు నీ వాగు చూచుటకు చిన్నది. వానకాలమున మాత్రము దానికి "బెజవాడ దుఃఖ" మని పేరు. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆ పేరు మరల నిజమైనది. వాగునకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగరు మొదలగు పేటలు నీట మునిగినవి. ఆ మరునాడే ప్రకాశము బ్యారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. 2009 అక్టోబరు వరదను కూడ నిది మించినది. ఒకప్రక్క కృష్ణ, ఒకప్రక్క బుడమేరు, నడుమ జనము. మేడలపై నిలిచి పాలపొట్లములకై చేతులు చాచిన తల్లులను తలచుకొన్న నేటికిని కన్ను చెమర్చును.

ఆ వరదలో మనుష్యుల పిదప మిక్కిలి దెబ్బతిన్నవి బండ్లు. ఆటోలు, మోటారుసైకిళ్ళు, కార్లు వీథులలోనే మునిగిపోయినవి. వానిలో మా అక్కగారి యింటి కారు ఒకటి. మా బావగారు కారును అద్దెకు నడుపుదురు. అదియే వారి కమతము, అదియే వారి పాడియావు. నెలనెలా బ్యాంకునకు వాయిదా కట్టవలెను. ఇద్దరు పిల్లల చదువులు దానిమీదనే. నీరు దీపములను ముంచి పైరేకు అంచువరకు నిలిచినది. నీరు తీసిననాడు వీథివారందరు మూగి, "ఒకమారు సెల్ఫు కొట్టి చూడుడు, అదృష్టముంటే అంటుకొనును" అనిరి. బావగారు తాళపుచెవి తీసిరి. అక్కయ్య ఆ చెవిని తీసికొని కొంగున ముడివైచెను. "నీరు త్రాగిన మనిషిని ముందు బోర్లించి నీరు కక్కింతురు గాని, లేచి పరుగెత్తు మనరు" అని యామె యన్నమాట. అందరు నవ్విరి. కాని యా మాటలో శాస్త్రమున్నది.

ఇంజను గుండెలలో గాలిని అదుము ముషలమువంటి భాగము కలదు. గాలి అదుమబడును, నీరు అదుమబడదు. ఇంజనులోనికి నీరు చేరియుండగా సెల్ఫు కొట్టినచో, ఆ ముషలము నీటిని ఢీకొని, దానిని మోయు ఉక్కుకడ్డీ వంగిపోవును. పదివేలతో పోవలసినది లక్షకు వచ్చును. బీమాలోను చిక్కున్నది. మునిగిన బండిని నడపబోయి ఇంజనును చెరచుకొన్నచో, సాధారణ బీమాపత్రము క్రింద ఆ నష్టమును చెల్లింపమని కంపెనీలు త్రోసిపుచ్చుట కలదు. ఇంజను రక్షణకై వేరుగ రుసుము కట్టు పద్ధతి యున్నది. కావున మునిగిన బండికి చేయవలసిన మొదటి పని ఏమియు చేయకుండుట. బ్యాటరీ తీగెను ఊడదీసి, బండిని మరొక బండిచే లాగించుకొని పోవలెను. నూనె కొలుచు పుల్లను తీసి చూచినచో, నూనె పాలు కలిపిన కాఫీవలె తెల్లబారియున్న యెడల నీరు చేరిన దన్నమాట. అక్కయ్య తన గాజులను కుదువబెట్టి మరమ్మతు చేయించెను. ఆ దినములలో నామె ప్రతిదినము మధ్యాహ్నమున అన్నపుక్యారేజి తీసికొని పనివారిచెంతకు పోయి, అది యేమి, ఇది యేమి యని యడిగి తెలిసికొనుచుండెడిది. అక్టోబరులో బండి మరల దారినిబడెను.

ఇక నిడమానూరు, గూడవల్లి దాటినచో కేసరపల్లి. 2022 ఏప్రిలులో జిల్లాలను మరల విభజించినప్పుడు విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది, గన్నవరము కృష్ణాజిల్లాలోనే నిలిచినది. కేసరపల్లిలో మేధా టవర్సు మొదలగు అద్దాల మేడలలో మన పిల్లలు కంప్యూటరు కొలువులు చేయుచున్నారు. పొలముగట్టున కొంగలు, గట్టునకు ఆవల అద్దపుమేడలు, ఆపైన దిగుచున్న విమానము. ఈ దృశ్యము గన్నవరపు దారిలోనే చూడవలెను. ఈ విమానక్షేత్రము నేటిది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికుల యవసరములకు దీనిని వాడిరి. 2017లో దీనికి అంతర్జాతీయ విమానాశ్రయమను హోదా వచ్చినది. కాలువకు ఒకవైపు మెట్టచేలును మామిడితోటలును, మరియొకవైపు మాగాణియును గల యీ యూరు పల్లెకు పల్లె, పట్టణమునకు పట్టణము.

గన్నవరమున పశువైద్య కళాశాల కలదు, 1998లో స్థాపింపబడినది. ఆ కళాశాల ద్వారము దాటునప్పుడు నాకొక యాలోచన కలిగినది. నోరులేని జీవునకు వైద్యము చేయువాడు రోగిని అడిగి తెలిసికొనలేడు. చెవి, కన్ను, ముక్కు, చేతిస్పర్శ, ఇవియే అతని పుస్తకములు. మోటారువైద్యము కూడ నంతియే. ఈ యూరినుండి 1955, 1962 సంవత్సరముల యెన్నికలలో శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు సైకిలుమీదనే చట్టసభలకు పోయెడివారని ప్రసిద్ధి. వారికి మన చిక్కు లేదు. సైకిలు మొరాయించినచో గాలి చూచుకొన్న చాలును!

2024 డిసెంబరులో నొకనాడు గన్నవరములో మా చుట్టముల యింట సీమంతమునకు మేమందరము బావగారి కారులో పోయితిమి. సాయంకాలము నాలుగున్నరకు వారు విమానాశ్రయమునకు పోయి, విదేశమునుండి వచ్చుచున్న యొక కుటుంబమును ఎక్కించుకొని బెజవాడ చేర్చవలెను. ఆ కుటుంబమును పంపిన కార్యాలయము వారు వరద పిదప బావగారికి తొలిసారి పని యిచ్చినవారు. ఈ బేరము చక్కగా జరిగినచో నెలకు పదిపన్నెండు బేరములు ఖాయము. జరుగనిచో మరల పిలువరు. నాలుగు గంటలకు బావగారు బండిలో కూర్చుండి చెవి త్రిప్పిరి. సెల్ఫు చక్కగా తిరిగెను, బండి అంటుకొనలేదు. మరల త్రిప్పిరి. మరల నంతియే. గాజులింకను కుదువనుండి రాలేదు. అక్కయ్య ముఖమున నెత్తురు లేదు.

క్షణములో నలుగురు చేరిరి. ఒకరు "బ్యాటరీ పోయినది" అనిరి. ఒకరు "తోయుడు, తోసిన అంటుకొనును" అనిరి. వీథిచివర పనివాడొకడు వచ్చి, చూచియు చూడకయే, "పెట్రోలు పంపు కాలినది. గ్యాసుబండ్లకిది మామూలే. కొత్తది వేయవలెను, రేపటికిగాని కాదు" అని యొక మొత్తము చెప్పెను. అది బావగారి పదునైదు దినముల సంపాదన. అతని మాట కేవలము అబద్ధము కాదు. సి.ఎన్.జి. గ్యాసుతో నడచు అద్దెబండ్లు మొదట పెట్రోలుతో అంటుకొని, పిదప గ్యాసునకు మారును. గ్యాసు చవుక గనుక పెట్రోలు అడుగంటువరకు పోయరు. తొట్టిలో పెట్రోలున్నచో దానిలో మునిగియుండు పంపు చల్లగా నుండును. లేనిచో వేడెక్కి కాలిపోవును. కాని కాలినదో లేదో చూచి గదా చెప్పవలెను!

ఆ యింటి తాతగారి స్నేహితుడొకరు, ఆటోనగరులో చిరకాలము పనిచేసి విశ్రమించిన వృద్ధుడు, విందునకు వచ్చియుండెను. ఆయన అరుగుమీదనుండి కదలకయే, "అమ్మా, చెవి సగము త్రిప్పినప్పుడు వెనుకసీటు క్రింద సన్నని రొద వచ్చుచున్నదా?" అని యడిగెను. అక్కయ్య తక్షణమే, "రాలేదు, తాతా. ప్రతిదినము తుమ్మెద రొదవలె రెండు క్షణములు వినబడును. ఇప్పుడు లేదు" అనెను. పెద్దాయన కన్నులు మెరసినవి. "ఇంకేమి, సగము రోగము నీవే చెప్పితివి" అని లేచెను.

అటుపిమ్మట ఆయన చేసిన పరీక్షను వరుసగా వ్రాయుచున్నాను; ఇది మన పొయ్యి పరీక్షవంటిదే. గ్యాసుపొయ్యి వెలుగనప్పుడు మనమేమి చేయుదుము? లైటరు రవ్వ చిమ్ముచున్నదా, వాసన వచ్చుచున్నదా, సిలిండరు బరువున్నదా, రెగ్యులేటరు తెరచియున్నదా యని చూతుము గాని పొయ్యినే మార్చము. ఇంజనుకు కావలసినవి నాలుగు: ఇంధనము, గాలి, ఆ రెంటిని అదుము ఒత్తిడి, సరియైన క్షణమున నిప్పురవ్వ. ఇందొకటి లోపించినను సెల్ఫు త్రిప్పును గాని ఇంజను పలుకదు. సెల్ఫు అనునది ఉయ్యాలను మొదట నూపు చేయి. ఆ పిదప ఉయ్యాల తనంతట తాను ఊగవలెను.

మొదటిది, సెల్ఫు ధ్వని. అది బలముగా, లయ తప్పక తిరుగుచున్నది. కావున బ్యాటరీ పోయినదను మాట పొసగదు. బ్యాటరీ నీరసించినచో అది మూలుగుచు తిరుగును, లేదా టకటకమని ఊరకుండును. బండిని తోయుటయు వ్యర్థమే. తోపు చేయగలది సెల్ఫు చేయు పనియే గదా! ధ్వని ఎప్పటికంటె తేలికగా, గిరగిర తిరిగినచో లోపలి బెల్టు తెగినదేమో యని అనుమానింపవలెను. అట్టి బండికి మరల సెల్ఫు కొట్టరాదు. ఇచ్చట నదియు కాదు.

రెండవది, అద్దము వెనుకనున్న దీపములు. చెవి బొమ్మతోనో తాళపు బొమ్మతోనో నొక చిన్నదీపము మినుకుమినుకుమని ఆగనిచో, బండి తన చెవిని గుర్తింపలేదన్నమాట. దొంగలనుండి కాపాడుటకైన ఏర్పాటిది. అప్పుడు ఇంటనున్న రెండవ చెవితో ప్రయత్నింపవలెను. ఇచ్చట దీపము వెంటనే ఆరినది.

మూడవది, ఇంజను వేగమును చూపు ముల్లు. సెల్ఫు తిరుగునప్పుడు పెక్కుబండ్లలో అది కొంచెము కదలును. బొత్తిగా కదలకున్నచో, ఇంజను తిరుగుటను కనిపెట్టు కన్నువంటి సెన్సారు చెడియుండవచ్చును. ఇచ్చట ముల్లు కదలినది.

నాలుగవది, వాసన. కొంతసేపు సెల్ఫు కొట్టిన పిదప వెనుక గొట్టమువద్ద పచ్చి పెట్రోలు వాసన వచ్చినచో, ఇంధనము చేరుచున్నది, రవ్వ లేదు. లేదా ఇంధనమే మితిమీరి ప్లగ్గులు తడిసినవి. తడిసినచో యాక్సిలరేటరును పూర్తిగా అదిమిపట్టి కొన్ని క్షణములు సెల్ఫు కొట్టిన ఆరును. ఇచ్చట వాసన లేదు. కావున ఇంధనమే రాలేదు. తుమ్మెద రొద లేకుండుటకు ఇది సాక్ష్యము.

అయిదవది, ఇంధనము రాకపోవుటకు కారణము. పెట్రోలు ముల్లు సగము చూపుచున్నది. వరద పిదప బావగారు తొట్టిని ఎన్నడును అడుగంటనీయలేదు. చెవిని తీసివేసి, ముందు రేకు నెత్తి, ఫ్యూజుల పెట్టెను తెరచిరి. పంపుయొక్క ఫ్యూజు చెక్కుచెదరలేదు. దాని ప్రక్కనే అగ్గిపెట్టెలో సగమంత నల్లని రిలే కలదు. చెవి త్రిప్పినప్పుడు పంపునకు విద్యుత్తును విడిచిపెట్టు ద్వారపాలకుడది. పెద్దాయన దానిని పెకలించి వెలుతురునకు పట్టెను. కాళ్ళనిండ పచ్చని చిలుము! మన పూజామందిరమున తోమక విడిచిన రాగిచెంబునకు పట్టు చిలుమువంటిదే. సెప్టెంబరునాటి బుడమేరు డిసెంబరున తన సంతకమును చూపినది.

"దీనిని పోలిన రిలే మరియొకటి యిందే యుండవలెను" అని, మీది అంకెలను కన్నులకు దగ్గరగా పెట్టుకొని సరిచూచి, చల్లదనపు యంత్రమునకు చెందిన రిలేను తీసి దీని చోట నమర్చెను. అంకెలు కలియనిచో మార్చరాదని మరిమరి చెప్పెను. బావగారు చెవి సగము త్రిప్పిరి. వెనుకసీటు క్రింద తుమ్మెద పలికెను. ముత్తైదువలందరు నిశ్శబ్దముగా వినుచుండిరి. చెవి పూర్తిగా త్రిప్పగనే బండి అంటుకొనెను. సీమంతపు పేరంటాండ్రు మంగళహారతి పాడినంత సంతోషించిరి. అక్కయ్య మాత్రము కొంగుతో కన్నులొత్తుకొని, గడియారము చూచెను: నాలుగు గంటల యిరువది నిమిషములు.

చల్లదనపు యంత్రము లేక బావగారు అద్దములు దించి విమానాశ్రయమునకు పోయిరి. వచ్చిన కుటుంబమువారు కోతలైన వరిచేల వాసన పీల్చుచు, "అద్దములు ఎత్తవద్దు" అనిరట! కొత్త రిలేకు మరునాడు ఆటోనగరులో అయిన ఖర్చు కొన్ని వందలు. పెద్దాయన చెప్పినట్లు ఆ పెట్టెలోని తక్కిన రిలేలను కూడ తీయించి చిలుము తుడిపించిరి. ఒకదానికి పట్టిన చిలుము తక్కినవానిని విడిచియుండదు గదా. ఆ కార్యాలయపు బేరములు నిలిచినవి. గాజులు సంక్రాంతినాటికి ఇంటికి వచ్చినవి.

ఇక మనమందరము గుర్తుంచుకొనదగినవి కొన్ని. సెల్ఫును ఒక్కమారు పది క్షణములకు మించి కొట్టరాదు. నడుమ అరనిమిషమైన విశ్రాంతి నీయవలెను. లేనిచో మంచి బ్యాటరీయు చచ్చును, సెల్ఫు మోటారును కాలును. ఒక రోగము రెండగును. డీజిలు బండికి ప్లగ్గుల రవ్వ లేదు. చలిదినములలో చుట్టబొమ్మ గల పసుపుదీపము ఆరిన పిదపనే సెల్ఫు కొట్టవలెను. డీజిలుగొట్టములో గాలిగాని నీరుగాని చేరినను అది అంటుకొనదు. డీజిలు బండిలో పొరపాటున పెట్రోలు పోసినచో, చెవి త్రిప్పకుండ తొట్టిని ఖాళీ చేయింపవలెను. నేడు పనివారివద్ద బండికి తగిలించి లోపమును అంకెలలో చదువు పరికరము కలదు. అది మంచిదే, కాని నాడి చూపు పరికరమున్నను వైద్యుడు రోగి ముఖము చూడవలెను గదా. పెట్రోలు వాసన ఘాటుగా వచ్చుచున్నచోట అగ్గిపుల్ల గీయరాదు. పెద్దబాటపై బండి ఆగినచో ముందు పిల్లలను దించి, దారికి దూరముగ నిలిపి, ఆపదదీపములు వెలిగించి, ఆ పిదపనే వైద్యము.

సెల్ఫు అను నీ సాధనమునకు స్త్రీలమైన మనము కొంత ఋణపడియున్నాము. పూర్వము మోటారును అంటించుటకు ముందునుండి ఇనుపకడ్డీ దూర్చి చేతితో బలముగ త్రిప్పవలసి యుండెను. అది ఎదురుతిరిగి చేతులు విరుగుటయు నుండెను. అమెరికా దేశమున చార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్తు సెల్ఫును 1912వ సంవత్సరపు క్యాడిలాకు బండ్లలో అమర్చిరి. భుజబలము లేనివారును బండి నడపవచ్చునను మాట అప్పటినుండి సత్యమైనది. కాని సెల్ఫు ఇచ్చునది తొలి కదలిక మాత్రమే. మిగిలినది తెలివి.

ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించెనని భారతకథ. బాహుకు డది నమ్మక, చెట్టును కూల్చి లెక్కపెట్టి, ఆ పిదపనే ఒప్పుకొనెను. లెక్కించి చూచిన పిదప నమ్ముట. ఇదియే మన కందరకును హితమైన పద్ధతి. పంపు కాలినదని ఒకరన్నచో కాలెనా యని చూడవలెను. బ్యాటరీ పోయినదని ఒకరన్నచో సెల్ఫు ధ్వనిని వినవలెను. ఇంటిలో నే వస్తువు చెడినను, ఏ మనిషికి అస్వస్థత కలిగినను, ప్రతిదినము దానిని వినుచుండు చెవి ఇల్లాలిదే. ఆ చెవికి తెలిసినది నోటితో చెప్పుటకు సంకోచింపకుడు. గన్నవరపు దారిని మీరు పోవునప్పుడు, బండి కదలక ముందు, ఒక్క క్షణము మాటలాపి, వెనుకసీటు క్రింది తుమ్మెద రొదను వినుడు. మీ బండి ఆరోగ్యముగ నున్ననాడు అది యెట్లుండునో తెలిసికొన్నచో, అది మూగవోయిననాడు మీరే మొదట చెప్పగలరు.